నాలుగు నదుల క్వెంకా

ఈక్వడార్ దక్షిణ భాగంలో, ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 2,550 మీటర్ల ఎత్తున ఉన్న క్వెంకా నగరం పూర్తి పేరు శాంత ఆనా దె లోస్ క్వాత్రో రియోస్ దె క్వెంకా. ఆ పేరులో చెప్పిన నాలుగు నదులు తొమెబాంబా, యానున్‌కాయ్, తార్కి, మచాంగరా. స్పెయిన్ రాజప్రతినిధి ఆదేశంపై హిల్ రామిరెస్ దావలోస్ 1557 ఏప్రిల్ 12న ఈ ఊరిని స్థాపించాడు. 1999లో యునెస్కో దీని పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరికి పడమట, బస్సులో గంట ప్రయాణంలో, కాహస్ జాతీయ ఉద్యానవనం ఉంది. పాత మేడలు, చర్చీలు చూడడానికి వెళ్లేవాళ్లు ఎక్కువమంది కాహస్‌లో ఒక పూట తిరిగి వచ్చేస్తారు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆ కొండలదీ ఈ ఊరిదీ ఒకే కథగా కనిపించింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి స్పానిష్ బాగా వచ్చు కాబట్టి, నేనూ మా శ్రీమతీ ఊరివాళ్లతో మనసు విప్పి మాట్లాడగలిగాం. హైదరాబాదు తిరిగొచ్చిన వెంటనే, ముఖాలూ మాటలూ ఇంకా గుర్తుండగానే, ఇది రాస్తున్నాను.

జూన్ 17, మంగళవారం: కాల్దెరోన్ పార్కు, పది ఆగస్టు మార్కెట్

ఊరి నడిబొడ్డున ఉన్న కాల్దెరోన్ పార్కుకు రెండు పక్కలా రెండు కథెడ్రళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. పాతదాన్ని ఊరు పుట్టిన రోజుల్లోనే మొదలుపెట్టారు. అంతకు ముందు ఇక్కడ వెలిగిన 'ఇంకా' వంశపు రాజుల నగరం తొమెబాంబా శిథిలాల నుంచి రాళ్లు తెచ్చి దాని గోడల్లో పేర్చారు. ఇప్పుడది మ్యూజియం. భూమి ఆకారం తేల్చడానికి ఫ్రెంచి శాస్త్ర అకాడమీ 18వ శతాబ్దంలో పంపిన బృందం, ఒక డిగ్రీ అక్షాంశానికి భూమి మీద ఎంత దూరం వస్తుందో కొలవడం కోసం ఇప్పటి ఈక్వడార్ రాజధాని కీతో (క్విటో) ప్రాంతం నుంచి దక్షిణంగా త్రిభుజాలు కట్టుకుంటూ వచ్చి, ఈ చర్చి గోపురాన్ని కొలతలకు ఒక గుర్తుగా వాడుకుంది. సర్వే గొలుసు పట్టుకుని ఉద్యోగం మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి ఆ గోపురం కింద చాలాసేపు నిలబడ్డాను. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి లాంబ్టన్ మొదలుపెట్టిన పనికి, అంటే తరువాత మన తెలుగు నేల మీదుగా కూడా సాగిన మహా త్రికోణమితి సర్వేకు, ఇక్కడ 1730లలో జరిగిన పని ముందు తరానిది.

ఆ బృందానికి ఈ ఊరిలో చేదు అనుభవం కూడా మిగిలింది. వారి శస్త్రవైద్యుడు ఝాఁ సెనియెర్గ్ మీద 1739లో సాన్ సెబాస్తియన్ కూడలిలో, ఎద్దుల క్రీడ జరుగుతుండగా, జనం తిరగబడి కొట్టారు. ఆ గాయాలతోనే అతను చనిపోయాడు. ఈనాడు అదే కూడలిలో పిల్లలు బంతి ఆడుకుంటున్నారు, పక్కన ఆధునిక చిత్రకళా మ్యూజియం ఉంది.

కొత్త కథెడ్రల్ నిర్మాణం 1885లో మొదలైంది. నమూనా గీసినది జర్మనీ నుంచి వచ్చిన హువాన్ బావుతిస్తా స్తీలె అనే, రిడెంప్టరిస్టు కాథలిక్ సంఘానికి చెందిన సన్యాసి. దాని నీలి గుమ్మటాలు ఊరిలో ఏ మూల నుంచి చూసినా కనిపిస్తాయి. ముందువైపు గోపురాలు మాత్రం పొట్టిగా ఆగిపోయాయి. అనుకున్నంత ఎత్తు కడితే పునాది మోయలేదని తేలడమే కారణమని చెబుతారు. ఇటుక గోడల మీద పడే సాయంత్రపు ఎండలో ఆ పొట్టితనమే నాకు బాగా నచ్చింది.

మధ్యాహ్నం 'పది ఆగస్టు' అనే పేరున్న మార్కెట్‌కు వెళ్లాం. ముక్కలు చేయకుండా అలాగే కాల్చిన పందులను వరసగా బల్లల మీద పెట్టి అమ్మే వైపు మా శ్రీమతి తల తిప్పకుండా దాటేసింది. మంగళ, శుక్రవారాల్లో ఇక్కడ దిష్టి తీస్తారు. ఎత్తు తక్కువ పీటల మీద కూర్చున్న పెద్దవయసు ఆడవాళ్లు పక్కన సదాప వంటి ఘాటు వాసన ఆకుల కట్టలు పెట్టుకుని ఉంటారు. ముందు వరసలో ఒక తల్లి ఏడాది నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముసలమ్మ ఆకుల కట్టతో బిడ్డ తల నుంచి పాదాల దాకా మెల్లగా కొట్టింది, పచ్చి కోడిగుడ్డును ఒళ్లంతా దొర్లించింది, నోట్లో పుక్కిలి పట్టిన సారాను తుంపర్లుగా చల్లింది, చివరికి నుదుటన నల్లని గుర్తు పెట్టింది. గుడ్డును నీళ్లలో పగలగొట్టి, తెల్లసొన ఎలా విచ్చుకుందో చూసి తల్లికి ఏదో చెప్పింది. బిడ్డ మొదట గుక్కపట్టి ఏడ్చి, ఆకుల వాసన ముక్కుకు తగిలేసరికి ఊరుకుంది. పెద్దలకైతే ఐదు డాలర్లు, పిల్లలకు మూడు. వరసలో నిలబడ్డవాళ్లలో ఆఫీసు దుస్తుల్లో ఉన్న కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఎవరూ దాన్ని వింతగా చూడడం లేదు, ఫొటోలు తీయవద్దని మాత్రం ముసలమ్మ చేయి అడ్డంపెట్టి చెప్పింది.

ఇక్కడ శాకాహారులకు దిక్కు మోతె. పెద్ద గింజల తెల్ల మొక్కజొన్నను పొట్టు తీసి గంటల తరబడి ఉడికించి ప్రతి భోజనంలోనూ పెడతారు. దాన్నే ఉల్లికాడలు, గుడ్డు, పాలతో కలిపి వేయించితే మోతె పీయో అవుతుంది. గుడ్డు నేను తింటాను, మా శ్రీమతి తినదు. ఆమె కోసం బంగాళదుంప ముద్దల్లో జున్ను పెట్టి పెనం మీద కాల్చే యాపింగాచోలు అడిగితే, వడ్డించే ఆవిడ తనంతట తానే "వీటిని పంది కొవ్వుతో కాలుస్తాం, మీకు పనికి రావు" అని చెప్పి, ఉడికిన మోతె, పచ్చి జున్ను, బాకలా అనే చిక్కుడు గింజలు, చెట్టు టమాటాతో నూరిన కారం ఒక పళ్లెంలో సర్ది ఇచ్చింది. అడగకపోయినా నిజం చెప్పిన ఆ మనిషి దగ్గరే మిగతా రోజుల్లోనూ వీలైనప్పుడల్లా తిన్నాం. సూపు, అన్నం, పండ్లరసం కలిపి మూడున్నర డాలర్లు. ఈక్వడార్ 2000 సంవత్సరం నుంచి అమెరికన్ డాలరునే వాడుతోంది. ఇరవై డాలర్ల నోటు ఇస్తే మార్కెట్లో చిల్లర దొరకదు కాబట్టి ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దగ్గర ఉంచుకోవడం మంచిది. పండ్లు కొన్నప్పుడు తూకం అయ్యాక మరో రెండు పండ్లు సంచిలో వేస్తారు. దాన్ని యాపా అంటారు, మన సంతల్లో కొసరు అడిగినట్టే అక్కడా అడిగి వేయించుకుంటారు.

జూన్ 18, బుధవారం: పుమాపుంగో, నది ఒడ్డు

'ఇంకా' చక్రవర్తి వాయ్నా కాపాక్ పుట్టినది ఈ తొమెబాంబాలోనేనని చెబుతారు. అంతకంటే ముందు ఇది కన్యారి జాతివారి ఊరు. వాయ్నా కాపాక్ కొడుకులైన వాస్కర్, అతవాల్పాల మధ్య జరిగిన వారసత్వ యుద్ధంలో కన్యారులు వాస్కర్ పక్షాన నిలిచారు. గెలిచిన అతవాల్పా వారి మీద పగ తీర్చుకున్నాడు, నగరం పాడుబడింది. స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి మిగిలినవి రాళ్లే. పుమాపుంగోలో ఇప్పుడు మోకాలెత్తు గోడల వరసలు, కొండవాలున మెట్లు మెట్లుగా దిగే పంట మడులు, వాటి కింద రాతి కాలువ ఉన్నాయి. మడుల్లో క్వినోవా, మొక్కజొన్న, ఆండీస్ దుంపలు పెంచుతున్నారు. పక్కనే ఉన్న మ్యూజియంలో ప్రవేశం ఉచితం. షువార్ జాతివారు కుదించి భద్రపరిచిన మనిషి తలలు అక్కడ ఉన్నాయని ముందే తెలిసి మా శ్రీమతి ఆ గదిలోకి రాలేదు. నేను వెళ్లాను గాని, ఒకనాటి మనుషుల ముఖాలను అద్దాల పెట్టెలో చూడడం నాకు సమ్మతం కాలేదు. నా సమయమంతా బయట ఆ రాతి కాలువ దగ్గరే గడిచింది. వాలు ఎక్కువైన చోట కాలువను వెడల్పు చేసి, వేగం తగ్గాక మళ్లీ ఇరుకు చేశారు. సిమెంటు లేని కాలంలో రాయిని రాయికి అంత దగ్గరగా చెక్కి, మట్టిని కోసుకుపోకుండా నీటిని దింపినవాళ్ల పనికి మనసారా దండం పెట్టాను.

పుమాపుంగో కింది నుంచి తొమెబాంబా నది ఒడ్డునే నడిస్తే, ఎడమ చేతికి నీళ్లు, కుడి చేతికి గట్టు మీద కట్టిన పాత ఇళ్లు. ఆ గట్టును బరాంకో అంటారు. గట్టు పైనున్న కాయె లార్గా వీధి నుంచి చూస్తే ఇళ్లు రెండంతస్తులే, నది నుంచి చూస్తే నాలుగైదు అంతస్తులు. మధ్యలో సగం వంపులతో ఆగిపోయిన రాతి వంతెన ఉంది. 1950 వరదలో మిగతా సగం కొట్టుకుపోతే, ఊరివాళ్లు దాన్ని పడగొట్టకుండా అలాగే ఉంచి 'విరిగిన వంతెన' అని పేరు పెట్టుకున్నారు. దాని మీద శనివారాల్లో చిత్రకారులు బొమ్మలు పెట్టి అమ్ముతారట.

వంతెన దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతున్న పెద్దాయన మేము ఎక్కడి నుంచి వచ్చామని అడిగి, నది వైపు చేయి చూపించి, పోయిన ఏడాది ఇందులో రాళ్లు తప్ప నీళ్లు లేవని చెప్పాడు. 2024 ద్వితీయార్ధంలో వానలు ముఖం చాటేసి ఈ ప్రాంతమంతా ఎండిపోయింది. ఈక్వడార్ విద్యుత్తులో అధిక భాగం జలవిద్యుత్తే, అందులోనూ ఈ నదులన్నీ కలిసే పౌతె నది మీది ఆనకట్టలదే పెద్ద వాటా. ఆ అక్టోబరులో దేశంలో రోజుకు 14 గంటల దాకా కరెంటు కోత పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చీకటి పడ్డాక కంకుల నిప్పుల వెలుగులోనే బేరం చేశానని పెద్దాయన చెప్పాడు. డబ్బు తీసుకుని "దేవుడు మీకు చెల్లించాలి" అన్నాడు. ఆ ప్రాంతంలో పెద్దవాళ్లు కృతజ్ఞత చెప్పే పద్ధతి అదేనని మా అమ్మాయి చెప్పింది.

జూన్ 19, గురువారం: టోపీలు, మిఠాయిలు

ప్రపంచమంతా పనామా టోపీ అని పిలిచేది ఈక్వడార్ టోపీ. తొకియా అనే మొక్క లేత ఆకుల పీచుతో అల్లుతారు. మొక్క పెరిగేది పసిఫిక్ తీరప్రాంతంలో, అల్లకంలో మాత్రం క్వెంకా చుట్టుపక్కల పల్లెల చేయి పేరుపొందింది. పనామా రేవు మీదుగా ఎగుమతి కావడం వల్ల ఆ పేరు స్థిరపడింది. 2012లో యునెస్కో ఈ అల్లికను మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఒక దుకాణం వెనుక గదిలో అల్లిక చూపించారు. నడినెత్తిన ఒక చిన్న చక్రంగా మొదలుపెట్టి, తడిపిన పీచును వేళ్లతో ఒకదాని కింద ఒకటి దూర్చుతూ గుండ్రంగా పెంచుతారు. వేళ్లు ఎంత వేగంగా కదులుతాయంటే, ఏ పీచు పైకి వచ్చిందో ఏది కిందికి పోయిందో నా కన్ను పట్టుకోలేకపోయింది. సాధారణమైన టోపీ పాతిక, ముప్పై డాలర్లకు వస్తుంది. సన్నని అల్లకం టోపీలకు వందల డాలర్లు చెబుతారు, వాటికి నెలల శ్రమ పడుతుంది. అంత డబ్బులో అల్లిన ఆడమనిషి చేతికి అందేది కొద్దిగానేనని దుకాణంలో అమ్మకం చేస్తున్న అమ్మాయే ఒప్పుకుంది. ఆమె అమ్మమ్మ ఇప్పటికీ అల్లుతుందట. ఈ మాట విన్నాక, అల్లికవాళ్ల సహకార సంఘం నడిపే దుకాణం ఎక్కడుందో అడిగి తెలుసుకుని అక్కడే కొన్నాం.

ఆ రోజు కార్పస్ క్రిస్తి అనే కాథలిక్ పండుగ. క్వెంకాలో దీన్ని ఏడు రోజులు చేస్తారు. కాల్దెరోన్ పార్కు చుట్టూ బల్లలు వేసి మిఠాయి కొట్లు పెట్టారు. కొబ్బరి ఉండలు, గుడ్డు పచ్చసొనతో చేసిన చుట్టలు, గులాబీ రంగు పంచదార పూసిన బిళ్లలు, వేరుశనగ అచ్చులు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. డాలరుకు నాలుగో ఐదో కాగితంలో చుట్టి ఇస్తారు, కొసరు ఇక్కడా తప్పదు. గుడ్డు లేనివి ఏవో ఏరి ఇమ్మని అడిగితే, కొట్టు ఆవిడ ఒక్కొక్కటే చూపిస్తూ ఓపికగా చెప్పింది. వెనుక నిలబడ్డవాళ్లు కూడా విసుక్కోకుండా, అది తినవచ్చు, ఇది తినకూడదు అంటూ తలా ఒక సలహా ఇచ్చారు. క్వెంకావాళ్ల మాట సాగదీసి పాడినట్టుంటుందని దేశంలో మిగతావాళ్లు చెప్పుకుంటారు. ఆ రాత్రి చుట్టూ ఆ యాసే వినిపిస్తుంటే స్పానిష్ రాని నాకూ అది చెవికి ఇంపుగా ఉంది.

తొమ్మిది దాటాక రెల్లు కర్రలతో నిలబెట్టిన ఎత్తయిన బాణసంచా మేడలకు నిప్పు పెట్టారు. కింది అంతస్తులో చక్రాలు తిరిగి ఆరాక పై అంతస్తు అంటుకుంటుంది. జనానికీ నిప్పుకీ మధ్య అడ్డేమీ లేదు. మా శ్రీమతి శాలువా మీద నిప్పురవ్వ పడితే పక్కనున్న స్కూలు పిల్లవాడు చేత్తో తట్టి ఆర్పి, నవ్వి, మళ్లీ పైకి చూశాడు.

జూన్ 20, శుక్రవారం: కాహస్

గుయాకిల్ వెళ్లే బస్సు ఎక్కి తొరెయాదోరా సరస్సు దగ్గర దిగాం, మనిషికి రెండు డాలర్ల చిల్లర. ఊరిలో ఎండ ఉంది, ఇక్కడ నాలుగు గజాల అవతల ఏముందో కనిపించని పొగమంచు. ఎత్తు 3,900 మీటర్ల దాకా ఉంటుంది. దిగి పది అడుగులు వేయగానే ఊపిరి ఆగి ఆగి వచ్చింది. క్వెంకాకు వచ్చిన మర్నాడే కాహస్ ఎక్కవద్దని, మూడు రోజులైనా ఊరిలో ఉండి రమ్మని మా బసలోని ఆవిడ ముందే హెచ్చరించడం ఎంత మేలైందో అక్కడ అర్థమైంది. సందర్శకుల కేంద్రంలో పేర్లు, ఏ దారిలో వెళతామో, ఎన్ని గంటలకు తిరిగొస్తామో రాసుకున్నారు. రుసుము లేదు. సాయంత్రం నాలుగింటిలోగా రాకపోతే వెతకడానికి మనుషులు బయలుదేరతారని కాపలాదారు మా చేత రెండుసార్లు తిరిగి చెప్పించాడు.

కాహస్ 1996లో జాతీయ ఉద్యానవనమైంది. దాదాపు 28,500 హెక్టార్ల విస్తీర్ణంలో, 3,100 నుంచి 4,450 మీటర్ల ఎత్తుల మధ్య, రెండు వందలకు పైగా సరస్సులున్నాయి. మంచు యుగంలో హిమానీనదాలు తొలిచిన గుంతలే ఈ సరస్సులు. ఇప్పుడు ఇక్కడ హిమానీనదాలు లేవు. మరి ఏడాది పొడవునా నదులను నడిపించేది ఏమిటంటే, పారమో అని పిలిచే ఈ ఎత్తు ప్రాంతపు గడ్డి నేల. నేను వంగి ఆ నేలను వేళ్లతో నొక్కి చూశాను. గడ్డి దుబ్బుల మధ్య దిండ్లలా గట్టిగా అల్లుకున్న పచ్చని మొక్కలున్నాయి, అరచేయి ఆనించి నొక్కితే వేళ్ల సందుల్లోంచి చల్లటి నీరు ఊరింది, చేయి తీయగానే మళ్లీ ఇంకిపోయింది. చలి వల్ల చచ్చిన ఆకులు కుళ్లక నల్లని మట్టిగా శతాబ్దాల పాటు పేరుకుంటాయి. ఆ మట్టి వాననూ పొగమంచునూ పీల్చుకుని కొద్దికొద్దిగా విడుస్తుంది. కోట్ల రూపాయలతో జలాశయాలు కట్టే శాఖలో పనిచేసిన నాకు, పూడిక చేరని, తూములు అక్కరలేని జలాశయం మీద నడుస్తున్నానని ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. దున్నినా, పశువులతో తొక్కించినా, తగలబెట్టినా ఆ మట్టి మళ్లీ తయారు కావడానికి తరాలు చాలవు.

సరస్సు చుట్టూ తిరిగే దారిలో ఒకచోట కాగితపు చెట్ల తోపు వస్తుంది. పాలిలెపిస్ అనే ఈ చెట్లు, మిగతా చెట్లు చాలావరకు బతకని నాలుగు వేల మీటర్ల ఎత్తులోనూ పెరుగుతాయి. ఎర్రటి బెరడు పల్చని పొరలు పొరలుగా లేచి గాలికి రెపరెపలాడుతుంది. వంకర్లు తిరిగిన కొమ్మల కింద వంగి నడవాలి. లోపల గాలి లేదు, చలి కూడా తగ్గింది, నాచు మీద కాలు పెడితే చప్పుడు రాదు. మా శ్రీమతి రాలిన బెరడు పొర ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ చెట్టు మొదట్లోనే పెట్టింది.

తోపు దాటాక పొగమంచు మరింత దట్టమై దారి గుర్తుల కర్రలు కనిపించలేదు. కాలిబాట రెండుగా చీలిన చోట కుడి వైపు వెళితే అది లామా పశువులు నడిచే దారి, చివరికి బురద నేలలోకి దిగింది. ముందుకు పోకుండా అక్కడే ఒక బండ మీద కూర్చున్నాం. కాసేపటికి గాలి వీచి మంచు విడిపోతే, దిగువన నల్లటి సరస్సు, అవతలి ఒడ్డున సందర్శకుల కేంద్రపు కప్పు కనిపించాయి. అంత దగ్గరలో ఉన్నామని అప్పటిదాకా ఊహించనే లేదు. కేంద్రం చేరేసరికి కాపలాదారు గడియారం చూసి, పుస్తకంలో మా పేర్ల పక్కన టిక్కు పెట్టి, స్టవ్ దగ్గరకు రమ్మన్నాడు.

అక్కడి నుంచి ఒక చిన్న ట్రక్కులో మరికొంత పైకి, 4,167 మీటర్ల ఎత్తున ఉన్న త్రెస్ క్రూసెస్‌కు వెళ్లాం. మూడు శిలువలు అని అర్థం. రోడ్డు లేని కాలంలో తీరం నుంచి సరుకును మనుషులే వీపున మోసుకుంటూ ఈ కనుమ దాటేవారు. చలికి చనిపోయినవాళ్ల గుర్తుగా ఆ శిలువలు పాతారని చెబుతారు. ఖండపు జలవిభాజకం ఇదే. పడమటి వాలున పడ్డ చినుకు కొద్ది దూరంలోని పసిఫిక్‌కు పోతుంది. తూర్పు వాలున పడ్డది తొమెబాంబాగా మారి క్వెంకా గుండా సాగి, పౌతెలో కలిసి, అడవుల్లోకి దిగి, అమెజాన్ మీదుగా ఖండమంతా దాటి అట్లాంటిక్ చేరుతుంది. మా అమ్మాయి తన సీసాలోని నీళ్లు రెండు వైపులా కొంచెం కొంచెం పోసింది.

క్వెంకా తాగే నీటిలో సగానికి పైగా కాహస్ నుంచే వస్తుంది. ఉద్యానవనం నిర్వహణ కూడా ఊరికి నీరు సరఫరా చేసే మునిసిపల్ సంస్థ ఎతాపాదే. నీటి పంపిణీ ఒకరిదీ, పరీవాహక ప్రాంతం ఇంకొకరిదీ అయిన చోట పనిచేసినవాళ్లకు ఈ ఒక్క ఏర్పాటు విలువ తెలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఈ నదుల జన్మస్థానాల్లో గనుల తవ్వకం నిషేధించాలా అని ప్రజాభిప్రాయం కోరితే, క్వెంకా ఓటర్లలో 80 శాతం మంది నిషేధించాలనే చెప్పారు. తిరుగు దారిలో ఆగిన రోడ్డు పక్క హోటల్లో బంగాళదుంపల సూపు వడ్డించిన ఆవిడను దీని గురించి అడిగాం. చేతిలోని గరిటె గిన్నెలో పెట్టి, "బంగారంతో సూపు కాయలేం కదా" అంది. సూపు నిండా జున్ను ముక్కలు, పైన అవకాడో ముక్క, పక్కన కారం. మనిషికి నాలుగు డాలర్లు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ తినేవాళ్లందరికీ "బ్వెన్ ప్రొవెచో" అని చెప్పి కూర్చుంటున్నారు, లేచి వెళ్లేవాళ్లూ అదే చెప్పి వెళుతున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు తిండి ఒంటబట్టాలని కోరుకోవడం నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చిన అలవాటు.

జూన్ 22, ఆదివారం: బుల్కాయ్, గ్వలసెయో

శనివారమంతా అలసట తీర్చుకున్నాం. ఆదివారం తూర్పు దిక్కున, నది పల్లానికి సాగే దారినే, గ్వలసెయో సంతకు బయలుదేరి, దారిలో బుల్కాయ్ అనే పల్లెలో ఆగాం. ఇక్కడ మకానా అనే శాలువాలు నేస్తారు. పడుగు నూలును పోగులుగా విడదీసి, రంగు అంటకూడని చోట కబుయా నారతో గట్టిగా బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరాక ముడులు విప్పి, మగ్గానికి ఎక్కిస్తారు. అంటే ఇది ఇకత్. భూదాన్ పోచంపల్లి, పుట్టపాకల్లో మన నేతగాళ్లు చిటికి కట్టి చేసే పనే ఇది. మా శ్రీమతి పుట్టిల్లు చౌటుప్పల్ దగ్గర. చిన్నప్పటి నుంచి ఆ పని చూస్తూ పెరిగినది కావడంతో, గుమ్మంలో వేలాడుతున్న ముడుల పడుగును చూడగానే చెప్పులు విడిచి లోపలికి వెళ్లి నేల మీద కూర్చుంది.

నేత చేసే ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. మగ్గానికి చట్రం లేదు. పడుగు ఒక కొస స్తంభానికి, ఇంకో కొస ఆమె నడుముకు కట్టిన తోలుపట్టీకి. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. రంగులు చాలావరకు సొంతంగా తయారు చేసుకుంటుంది. జెముడు మీద పెరిగే కొచినీల్ పురుగును ఆరబెట్టినది గుప్పెడు తెచ్చి, ఒక దాన్ని మా శ్రీమతి అరచేతిలో వేసి వేలితో నలిపింది. బూడిద రంగు గింజ లాంటిది ఒక్కసారిగా ముదురు ఎరుపైంది. తరువాత నిమ్మరసం చుక్క వేస్తే నారింజ వైపు తిరిగింది. శాలువా అంచు కుచ్చుల్లో ముడులతోనే పూలు, పక్షులు అల్లే పని మాత్రం వేరే ఆడవాళ్లది, దానికే వారాలు పడుతుందట. నిరుడు కరువులో ఉతికి జాడించడానికి వాగులో నీళ్లు చాలక రంగు వేయడమే ఆపేశానని, కట్టిన పడుగులు అలాగే మూలన పెట్టుకుని వాన కోసం చూశానని చెప్పింది.

మా శ్రీమతి ఫోనులో పోచంపల్లి ఫొటోలు తీసి చూపించింది. సైకిల్ ట్యూబును సన్నగా కోసి ముడులకు వాడతామని అమ్మాయి చేత చెప్పిస్తే, ఆవిడ నవ్వి తన కోడలిని కూడా పిలిచి చూపించింది. తరువాత తేలియా రుమాలు ఫొటో దగ్గర ఆగి, పెద్దది చేసి, గళ్లు లెక్కపెట్టినట్టు వేలు పెట్టి చూసింది. పడుగుకూ పేకకూ రెంటికీ ముడులు వేసి రంగు వేస్తారని విన్నాక నమ్మలేక రెండోసారి అడిగింది. మేము కొన్న నీలి శాలువా అరవై డాలర్లు. బేరం చేయబుద్ధి కాలేదు. ఆవిడే చిన్న నూలు పట్టీ ఒకటి కొసరుగా మడతలో పెట్టింది.

గ్వలసెయో సంతలో పెనం మీద కాల్చిన లేత మొక్కజొన్న రొట్టెలు, పండ్ల ముక్కలు వేసి చల్లగా ఇచ్చే రొసెరో అనే మొక్కజొన్న పానీయం తీసుకున్నాం, ముగ్గురికీ కలిపి ఐదు డాలర్లు. అంతలోనే మా అమ్మాయి ఫోనుకు బుల్కాయ్ ఆవిడ కోడలి నుంచి సందేశం వచ్చింది. నేసేటప్పుడు పేక మీది గుర్తు పడుగు మీది గుర్తుతో సరిగ్గా కలవకపోతే మీవాళ్లు దాన్ని ఎలా సర్దుతారు, పోగును లాగుతారా, విప్పి మళ్లీ నేస్తారా అని అత్తగారు అడగమన్నారట. మా శ్రీమతికి తెలిసినంత ఆ రాత్రే చెప్పింది. మిగతాది వచ్చే వారం పుట్టపాక వెళ్లి, మగ్గం దగ్గర కూర్చుని, వీడియో తీసి పంపాలనుకుంటున్నాం.